ఇంటింటా నక్షత్రకుడు

కొడుకును నాటకాల్లో పెట్టిన తండ్రిని మించిన త్యాగమూర్తి తెలుగునాట లేడు. నమ్మకం కుదరకపోతే ఆయన్నే అడగండి. అడగకపోయినా చెబుతాడు. "వాడికే పిచ్చండీ, మేమేం బలవంతపెట్టలేదు" అనేది ఆయన నాందీప్రస్తావన. పిచ్చి తొమ్మిదేళ్లవాడిది. కరపత్రం మీద ఫోన్ నంబరు మాత్రం నాన్నది. బేరం నాన్నది, అడ్వాన్సు నాన్నది, శాలువా కప్పేవేళ పక్కన నిలబడి ఫొటోకు నవ్వే మొహమూ నాన్నదే.

ఈ పిల్లలకు పద్యనాటకంలో ఎప్పుడూ గిరాకీ ఉన్న వేషం లోహితాస్యుడిది. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి సత్యహరిశ్చంద్రీయం ఆడే సమాజాలకు హరిశ్చంద్రులు దొరుకుతారు, చంద్రమతులు దొరుకుతారు, అర్ధరాత్రి మెలకువగా ఉండే లోహితుడే దొరకడు. అందుకే మనవాడికి పక్క జిల్లా జాతరలనుంచి కూడా పిలుపులొస్తాయి. పిలుపొచ్చిన ప్రతిసారీ నాన్నగారు బడికి లీవు లెటరు రాస్తారు: "మా అబ్బాయికి తీవ్రమైన జ్వరం." సత్యంకోసం రాజ్యాన్నే వదులుకున్నవాడి కథ ఆడటానికి అబద్ధంతో సెలవు పుచ్చుకునే దేశం మనది. పంతులమ్మకు సంగతి తెలుసు. నాటకం మర్నాడు పిల్లవాడి చెవుల వెనక రోజ్ పౌడరు అలాగే ఉంటుంది మరి.

వేషానికి పెద్ద పాఠం లేదు. దర్భలకు వెళతాడు, పాము కరుస్తుంది, పోతాడు. అసలు ఉద్యోగం అప్పుడు మొదలవుతుంది. కాటిసీను సామాన్యంగా తెమలదు. ఉన్న పద్యాలు చాలవన్నట్టు జాషువాగారి శ్మశానవాటి పద్యాలు కూడా అందులో కలిసిపోయాయి. చంద్రమతి శవం మీద పడి రాగం ఎత్తుకుంటుంది. జనం కన్నీళ్లు తుడుచుకుంటారు. ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి "వన్స్ మోర్" అంటాడు. ఒకరు చదివింపు పంపుతారు. మైకులో దాత పేరు, ఊరు, తండ్రి పేరు వినబడతాయి. చంద్రమతి ఏడుపు ఆపి దణ్ణం పెట్టి, మళ్లీ ఏడుపు అందుకుంటుంది. ఇంతసేపూ కుర్రవాడు చచ్చి పడుండాలి. దోమ కుట్టకూడదు, ముక్కు దురద పుట్టకూడదు, మంచినీళ్లు తాగిన సంగతి ఒంటికి గుర్తు రాకూడదు. నిజానికి వాడు ఎప్పుడో నటించడం మానేసి నిద్రపోయాడు. "ఎంత సహజంగా చచ్చాడండీ!" అని పెద్దమనిషి మెచ్చుకుంటాడు. తెర పక్కన ఫ్లాస్కు పట్టుకున్న నాన్నగారి కళ్లు చెమరుస్తాయి.

ఇంట్లో సంసారం వేరే తిథుల ప్రకారం నడుస్తుంది. రిహార్సల్ ఉంటే గొంతు పాడవుతుందని పెరుగు బందు, అందరికీ. హార్మోనియం మాస్టారు వస్తే టీవీ బందు. అమ్మ పుట్టింటి పెళ్లికి ఒక్కతే వెళ్లి, ఆయనెందుకు రాలేదని అడిగినవాళ్లకల్లా సమాధానం చెప్పుకుంటుంది. అక్క పదో తరగతి. ఆ పిల్ల పబ్లిక్ పరీక్షల ముందు రాత్రి హాల్లో శంకరాభరణం సాధన. హరిశ్చంద్రుడికి కూతురు లేదు. ఈయనకుంది గానీ, నాటకంలో లేని పాత్ర గనుక ఇంట్లోనూ లెక్కలోకి రాదు. కిరీటాల పెట్టె మొయ్యాల్సినప్పుడు మాత్రం ప్రవేశం ఉంటుంది.

ఇదేమిటండీ అంటే నాన్నగారు సురభి నాటక కుటుంబాల్ని అడ్డం పెడతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల్లో చంటిబిడ్డ కూడా కృష్ణుడై రంగమెక్కుతాడు, నిజమే. కానీ అక్కడ తల్లీ రంగు పూసుకుంటుంది, తండ్రీ పూసుకుంటాడు, తాత తెరతాడు లాగుతాడు. పిల్లవాడు పనిచేస్తుంటే కుర్చీ వేసుకుని చూసేవాడు ఉండడు. అక్కడా బడిచదువు దెబ్బతింది, దాన్ని కప్పిపుచ్చక్కర్లేదు. అయ్యా, తమరు ఎప్పుడైనా కనీసం వీరబాహుడి వెనక కాటికాపరిగానైనా నిలబడ్డారా?

మన దేశంలో దీనికి చట్టం లేదనుకునేరు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, మరుసటి ఏడాది నిబంధనలు రాశారు. బాలనటుడు రోజుకు 5 గంటలకు మించి పనిచెయ్యకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులు మించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం వాడి పేర జాతీయ బ్యాంకులో డిపాజిట్ చెయ్యాలి. చాప్లిన్ పక్కన ది కిడ్ సినిమాలో వేసిన జాకీ కూగన్ సొమ్మంతా తల్లీ సవతితండ్రీ ఊడ్చేశాక, 1939లో కాలిఫోర్నియా కళ్లు తెరిచింది. అక్కడ ఇప్పుడు పక్కన పెట్టేది 15 శాతం. ఆ లెక్కన మనం వాళ్లకన్నా 5 శాతం ఎక్కువ ధర్మాత్ములం, కాగితం మీద. జాతర కమిటీవారికి ఆ కాగితం చూపించిన మొనగాణ్ని మాత్రం ఇంతవరకు చూడలేదు. పిల్లవాడి ఇష్టానికి వ్యతిరేకంగా వేషం కట్టించకూడదని కూడా అందులో ఉంది. అనుమతికి జతచేయాల్సిన సమ్మతి ఎవరిదంటే, తల్లిదండ్రులది! దొంగ చేతికి తాళమిచ్చి, రసీదు కూడా ఆయన దగ్గరే తీసుకున్నారు.

ఈ తండ్రులకు తమలో హరిశ్చంద్రుడు కనిపిస్తాడు. ఆయన ఆలుబిడ్డల్ని కాశీ నడివీధిలో, నలుగురూ చూస్తుండగా, అమ్ముతున్నానని చెప్పి అమ్మాడు. అప్పు తీర్చడానికి అమ్మాడు, ముహూర్తం చూసుకుని స్థలం కొనడానికి కాదు. పిల్లవాడు అన్నం తింటున్నా పద్యం అప్పజెప్పమని, నిద్రపోతున్నా లేచి రాగం తియ్యమని వెంటపడేవాడికి సరైన పోలిక నాటకంలో ఇంకొకడున్నాడు. చేతిలో లెక్కల చిట్టా ఉంటుంది, నోట్లో గురువుగారి పేరుంటుంది.

లోహితుడి వేషానికి ఆయుష్షు తక్కువ. గొంతు మారగానే పిలుపులు ఆగిపోతాయి, మీసం మొలిచిన శవాన్ని చంద్రమతి ఒళ్లో వేసుకోలేదు. అప్పటికి వాడికి ఎక్కాలు రాకపోవచ్చు గానీ 20 శాతం కట్టడం తెలుస్తుంది. పాస్‌బుక్కు ఎక్కడని ఒక పూట అడుగుతాడు. నక్షత్రకుడి పాత్ర ఎలా ఆడాలో తెర పక్కనుంచి ఏళ్ల తరబడి చూసినవాడు. అప్పు చెల్లేదాకా తండ్రిని వదలడు.