ఏన్ గురూ, బృహస్పతీ!

మా మనవడు కోరమంగళలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చోట పనిచేస్తాడు. ఇప్పుడు దేవతల మీద ఏదో ఆట చేస్తున్నారట. అందులో మాటలు వీడే రాసి, "తాతా, తెలుగు ఒకసారి చూడు" అని కాగితాలు నా చేతిలో పెట్టాడు. చూశాను. అగ్ని వచ్చి "ఇంద్రా, విను" అంటాడు. చిత్రగుప్తుడు "యమా, లెక్క తేలలేదు" అంటాడు. ఇంద్రుడేమో బృహస్పతిని "గురూ" అంటాడు. ఇదేంట్రా అంటే, "గురువే కదా తాతా!" అన్నాడు. ఈ బెంగుళూరులో ఆటో ఆపాలన్నా "గురూ", చిల్లర అడగాలన్నా "ఏన్ గురూ". ఈ ఊళ్ళో గురువు కానివాడు ఎవడూ లేడు. దేవతలకున్నది మాత్రం ఒక్కడే.

మా రోజుల్లో నాటకాన్ని కళ్లు మూసుకుని విన్నా ఎవరు ఎవరికి పెద్దో తెలిసిపోయేది. మాది చింతామణి పక్క పల్లె. ఊరు కన్నడ సీమలో ఉన్నా ఇంట్లో తెలుగే, నాటకమూ తెలుగే. మా డ్రామా మేష్టారు పద్యంలో శ్రుతి తప్పితే ఓర్చుకునేవాడు గానీ పిలుపు తప్పితే ఊరుకునేవాడు కాదు. ఒకసారి అగ్ని వేషగాడు "దేవేంద్రా!" అని సంతలో కేకేసినట్టు అరిచాడు. మేష్టారు హార్మోనియం ఆపేసి, "వాడు నీ ప్రభువురా, బావమరిది కాదు" అన్నాడు. ఆ ఒక్క పిలుపే ఆ రాత్రి పదిసార్లు అనిపించి గానీ వదల్లేదు.

నారదుడి వేషం మరీ కష్టం. పద్యాలు ఎక్కువని కాదు, మూడు లోకాలూ తిరిగేవాడు గనక. బ్రహ్మ దగ్గర "జనకా", వైకుంఠంలో "దేవదేవా", అమరావతిలో "మహేంద్రా", సత్యభామ ఇంటికొస్తే "అమ్మా". ఇంద్రుడు రాజే అయినా నారదుడొస్తే లేచి "మహర్షీ" అనాల్సిందే. ఇంకో సంగతి. ఇప్పటివాళ్లు మర్యాదంటే వరసపెట్టి "మీరు, మీరు" అనడమే అనుకుంటారు. పద్యంలో సాక్షాత్తూ విష్ణుమూర్తినైనా "నీవు" అనే అనేవాళ్లం. మర్యాదంతా ఆ ముందు పిలుపులో ఉండేది.

సినిమాల్లోనూ అంతే. 1958లో ఏవీయం వాళ్లు భూకైలాస్ తెలుగులోనూ కన్నడలోనూ తీశారు. ఇక్కడ రామారావు రావణుడు, అక్కడ రాజ్‌కుమార్ రావణుడు. నేను రెండూ చూశాను. ముల్లోకాలనూ గడగడలాడించే ఆ గొంతు శివుణ్ణి పిలిచేసరికి ఎట్లా దిగిపోతుందో రెండు భాషల్లోనూ వినొచ్చు. మరి వేళాకోళం చెయ్యలేదా అంటే, చేశారు. 1977లో యమగోల వచ్చింది, మాటలు డి.వి. నరసరాజు. యమలోకంలో సమ్మె పెట్టించినా అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు సత్యనారాయణ యముడి ముందు వణకడం మానలేదు. ఆ వణుకు ఉండబట్టే నవ్వొచ్చింది. అందరూ "ఏరా" అంటే "ఏరా" అనుకునే చోట నవ్వడానికి ఏముంటుంది?

ఇప్పుడు టీవీ పెడితే హిందీ నుంచి దిగిన దేవుళ్లు. "మహాదేవ్" అంటారు, చివర దీర్ఘం పలకడానికి నోరు రాదు. చిన్నా పెద్దా లేదు, ఎదురుపడ్డ ప్రతివాడికీ "ప్రణామం", ప్రతి మగవాడూ "ప్రభూ". ఇక మనవడి తరం వీళ్లకు సరిగ్గా తిరగేత. వాడి ఆఫీసులో నిన్న చేరిన పిల్ల కూడా కంపెనీ యజమానిని పేరు పెట్టే పిలుస్తుందట. పిలవనీ, వాళ్ల జీతాలు వాళ్లవి. ఆ పద్ధతిని అమరావతికి ఎగుమతి చెయ్యడమెందుకు?

"దేవుళ్లకు ఇంత పట్టింపా తాతా?" అన్నాడు. పట్టింపా! భాగవతం నాలుగో స్కంధంలో దక్షుడు సభలోకి వస్తే అందరూ లేచారు. బ్రహ్మ లేవలేదు, ఆయన తండ్రి. శివుడూ లేవలేదు. దేవుడిగా చూస్తే లేవక్కర్లేదు, అల్లుడిగా చూస్తే లేవాలి. ఆ పేచీ ముదిరి సతీదేవి ప్రాణం మీదికి వచ్చింది, యాగం ధ్వంసమైంది.

ఆరో స్కంధం ఇంకా రుచిగా ఉంటుంది. తెలుగులో అది పోతనది కాదు, ఏర్చూరి సింగనది. శచీదేవితో కొలువుతీరిన ఇంద్రుడు బృహస్పతి వస్తే లేవలేదు, పలకరించలేదు. ఆయన ఒక్క మాటైనా అనకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఇంద్రుడికి బుద్ధొచ్చి వెతికితే ఆచూకీ లేదు. సందు చూసుకుని రాక్షసులు మీదపడి చావగొట్టారు. చివరికి బ్రహ్మ చెప్పగా త్వష్ట కొడుకు విశ్వరూపుడి దగ్గరికి పోయి, మాకు గురువుగా ఉండమని బతిమాలుకున్నారు. ఆ కుర్రాడు వీళ్లకు కొడుకు వరస! వయసులో చిన్న, వేదంలో పెద్ద కాబట్టి మొక్కినా తప్పులేదని దేవతలే సర్దిచెప్పుకున్నారు. వరసకు, వయసుకు, పదవికి, విద్యకు మధ్య ఇంత తిరకాసు ఉంటే, వీడు అన్నిటినీ కలిపి "గురూ" అని తేల్చేశాడు.

దేవతల మీద కథలు రాసే నాయనలారా, ఆటలకు రాయండి, సినిమాలకు రాయండి, కాదనను. ఇంద్రుడి చేత బృహస్పతిని పిలిపించే ముందు ఆ ఆరో స్కంధం ఒక్కసారి తిరగేయండి.