బెరడు అమ్ముడైన చెట్టు ఆత్మకథ

ఈ ఆత్మకథకు కర్త కామెరూన్ కొండవాలున నిలిచిన ఒక ఆఫ్రికా చెర్రీ చెట్టు. తన జాతి ప్రూనస్ ఆఫ్రికానా అన్న పేరుతో శాస్త్రగ్రంథాలకెక్కింది కనుక, ఆ గ్రంథాల మర్యాదను పాటించి తన కథను ప్రథమ పురుషలోనే చెప్పుకుంటున్నది. అంగళ్లలో దొరికే చెర్రీకీ బాదానికీ దాయాదే అయినా, మబ్బులు దిగే ఉష్ణమండల పర్వతారణ్యాలు దీని నివాసం. అక్కడ ఇది సతతహరితంగా, అంటే ఆకు ఒక్కసారిగా రాల్చకుండా, 30 మీటర్లకు పైగా పెరుగుతుంది. ఆకు నలిపితే చేదుబాదం వాసన వస్తుంది. ముదురు ఎరుపు పండు మనుషుల నోటికి చేదు, పక్షులకూ కోతులకూ మాత్రం ఇష్టం.

1864లో వృక్షశాస్త్రవేత్త హుకర్ దీనికి పైజియం ఆఫ్రికానం అని పేరు పెట్టగా, 1965లో మరో వృక్షశాస్త్రవేత్త కాల్క్‌మన్ దీన్ని ప్రూనస్ ప్రజాతిలోకి మార్చాడు. మందుల వ్యాపారం ఆ సవరణను పట్టించుకోక నేటికీ పైజియం అనే అంటున్నది. చెట్టుకు కీడు తెచ్చింది పేరు కాదు, బెరడు. ప్రొస్టేట్ గ్రంథి వాపుకు బెరడు సారం పనికివస్తుందని 1966లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ దెబా పేటెంటు తీసుకున్నాక, గిరాకీ అడవిని వెతుక్కుంటూ వచ్చింది.

నల్లగా, పలకలు పలకలుగా పగిలిన బెరడు లోపలి పొరలో పోషక కణజాలం ఉంటుంది. ఆకు వండిన ఆహారం వేరుకు దిగే దారి అదే. కాండానికి ఎదురెదురుగా రెండు పావు భాగాలు మాత్రమే ఒలిస్తే మిగిలిన బెరడు చెట్టును బతికిస్తుంది, చుట్టూ ఒలిస్తే వేరు ఆకలితో చస్తుంది. చెట్టెక్కే శ్రమ ఎందుకని మొదలే నరికినవారూ ఉన్నారు.

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో అమ్ముడయ్యే పసుపు కూడా మొక్క ప్రాణం తీసి తెచ్చిన సరుకే: దుంప తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టి మార్కెట్‌కు తెస్తారు. అయినా వానకాలానికి విత్తనం పక్కన పెట్టకుండా పంటంతా అమ్ముకునే రైతు అరుదు. అడవి చెట్టుకు అలాంటి యజమాని లేడు. ఎండితే దీని గింజకు మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది కాబట్టి, దాచి నాటడమూ సులువు కాదు.

1995 నుంచి ఈ జాతి అంతర్జాతీయ వ్యాపారాన్ని, ముప్పున్న వన్యజాతుల వ్యాపారంపై కుదిరిన సైటిస్ ఒప్పందం రెండవ అనుబంధం నియంత్రిస్తున్నది. నిషేధం కాదు, అనుమతిపత్రం ఉంటేనే ఎగుమతి. 2007లో యూరోపియన్ యూనియన్ కామెరూన్ బెరడు దిగుమతిని నిలిపివేసింది. కామెరూన్ వాయవ్య కొండల్లో కొందరు చిన్న రైతులు ఈ చెట్టును తమ చేలల్లోనే నాటి పెంచుతున్నారు. వాళ్లూ బెరడు కోసమే పెంచుతున్నారు.