మార్చి మెనూ
2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. మన ఆఫీసుల్లో మాత్రం ఏటా మార్చి సమోసాల మాసమే. పద్దులు ముగించే హడావుడిలో కొర్రన్నం క్యారేజీ మూతైనా తీయించుకోకుండా సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. మిర్చి బజ్జీ నూనె మాత్రం ఫైలు అట్టకు అంటుకుని శాశ్వతంగా రికార్డుల్లోకెక్కుతుంది. ఆడిట్‌వాళ్లకు ఆ మరక కనబడదు, డాక్టరుకు కనబడుతుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మొత్తుకుంటోంది. బజ్జీ మీద చల్లింది లెక్కలోకి రాదు కాబోలు! ‘‘ఒత్తిడండీ, ఏం చేస్తాం?’’ అంటారు సూపరింటెండెంటుగారు, మూడో టీలో రెండో చెంచా చక్కెర కలుపుతూ. డైటింగ్ కొత్త ఆర్థిక సంవత్సరం నుంచి మొదలుపెడతారట. అంటే ఏప్రిల్ 1. తేదీ మాత్రం సరిగ్గానే ఎంచుకున్నారు.