గేటు దాటని చరిత్రకారుడు

మధ్య వియత్నాంలో డా నాంగ్ నుంచి హ్వేకి దాదాపు వంద కిలోమీటర్లు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కొండ, చివర్న రాజుల కోట, సమాధులు. జెండా పట్టుకున్న గైడు వెనక మందగా నడవడం ఇష్టంలేనివాళ్లు, మోటార్ సైకిల్ మీద కనుమ ఎక్కే వయసు దాటినవాళ్లు ఆ ఒక్కరోజుకి డ్రైవరుతో సహా కారు మాట్లాడుకుంటారు. బేరమంతా కారు గురించే. ఏసీ పనిచేస్తుందా, డిక్కీ పెద్దదేనా, ఎంతకొస్తాడు? కారుతో వచ్చే మనిషి గురించి ఒక్క ప్రశ్న ఉండదు. తీరా బయల్దేరాక, వియత్నాం చరిత్రలో ఆ పూట ఏది ఉండాలో ఏది అక్కర్లేదో తేల్చేది ఆ మనిషే.

మనవాడు, అంటే ఆ డ్రైవరు, ఎనిమిదింటికి రమ్మంటే ఏడుంబావుకే హోటల్ ముందుంటాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నల్ల కళ్లద్దాలు, ఎండకి కమిలిపోకుండా ముంజేతులకి తొడుగులు. లేని దుమ్ము తుడుస్తూ కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటాడు. లోపల డాష్‌బోర్డు మీద బొజ్జ బుద్ధుడు నవ్వుతుంటాడు. ప్రతి సీటు జేబులో నీళ్లసీసా, తడిరుమాలు పొట్లం. ఫోన్ చార్జర్ తీగలు ఎన్నిరకాలున్నాయో అన్నీ ఉంటాయి.

దిగింది తెలుగు కుటుంబమైతే మొదటి ముచ్చట తలుపు దగ్గరే జరిగిపోతుంది. ఇంటిపెద్ద దర్జాగా వెళ్లి ముందుసీటు కోసం ఎడమ తలుపు తీస్తాడు. ఎదురుగా స్టీరింగు! ఆ దేశంలో బళ్లు కుడివైపు నడుస్తాయి, డ్రైవరు ఎడమపక్క కూర్చుంటాడు. మనవాడు నవ్వు మొహాన కనపడనివ్వకుండా తాళంచెవి అందిస్తాడు. "యూ డ్రైవ్. ఐ స్లీప్."

రెండోది సీట్ల పంచాయితీ. ఏడు సీట్ల బండంటే అక్కడ డ్రైవరుతో కలిపి ఏడు. మన లెక్కలో ఏడు సీట్లంటే ఏడుగురు పెద్దలు, పిల్లలు ఒళ్లో కూర్చుంటారు, బామ్మ ఎలాగూ సన్నగానే ఉంటుంది. మనవాడు ఇక్కడ మాత్రం కొండలా కదలడు. దానికి కారణముంది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన 168వ నంబరు డిక్రీతో ట్రాఫిక్ జరిమానాలు అమాంతం పెరిగిపోయాయి. కారులో ఎర్రలైటు దాటితే 1.8 కోట్ల నుంచి 2 కోట్ల డాంగ్‌లు వదులుతాయి, అంటే మన డబ్బులో అరవై వేల పైమాట. ఆ దెబ్బతో మనవాడు పచ్చలైటుని కూడా ఒకసారి అనుమానంగా చూసిగానీ ముందుకి పోడు.

ఊరు దాటాక దారి చీలుతుంది. ఒకటి సొరంగం, ఒకటి హై వాన్ కనుమ. 2005లో 6.28 కిలోమీటర్ల సొరంగం తెరిచేదాకా ఉత్తర దక్షిణాల మధ్య తిరిగే లారీలూ బస్సులూ అన్నీ ఈ ఇరవైఒక్క కిలోమీటర్ల మెలికల మీదే పొగ కక్కుకుంటూ పాకేవి. ఇప్పుడవి కొండ కడుపులోంచి పోతాయి. పైన మిగిలింది పెట్రోలు ట్యాంకర్లు, మోటార్ సైకిళ్లు, ఫొటోలు తీసుకునేవాళ్లు. మనవాడి బతుకుతెరువు సొరంగం పెట్టిన భిక్షే. అయినా దాని పేరెత్తితే మూతి ముడుస్తాడు. "టన్నెల్, నో సీ," అని గేరు మారుస్తాడు.

మొత్తం నలభైయ్యో యాభైయ్యో ఇంగ్లీషు మాటలుంటాయి ఆయన దగ్గర. ఒక్కటీ వృథా పోనివ్వడు. 2008లో బీబీసీ 'టాప్ గేర్' బృందం ఈ కనుమని మోటార్ సైకిళ్ల మీద దాటింది. ఆ సంగతి న్గుయెన్ రాజుల వంశావళిలోనే కలిపేశాడు: "కింగ్ జియా లాంగ్. కింగ్ మిన్ మాంగ్. టాప్ గేర్."

కనుమ నెత్తిన, దాదాపు అయిదువందల మీటర్ల ఎత్తున, హై వాన్ క్వాన్ అనే కోటగుమ్మం ఉంది. 1826లో మిన్ మాంగ్ కట్టించాడు. తర్వాత ఫ్రెంచివాళ్లు, వాళ్ల తర్వాత అమెరికన్లు దాని చుట్టూ తుపాకుల గూళ్లు కట్టుకున్నారు. యుద్ధాలయ్యాక అది డా నాంగ్ వాళ్లదా హ్వే వాళ్లదా అన్నది తేలక, రెండూళ్ల పొలిమేర గుడికి దీపం పెట్టే దిక్కులేనట్టు ఏళ్లకేళ్లు పాడుపడిపోయింది. 2017లో జాతీయ కట్టడంగా గుర్తించాక ఇద్దరూ కలిసి బాగుచేసి 2024లో జనానికి తెరిచారు. ఇంత కథ ఉన్నచోట మనవాడి ప్రసంగం పూర్తి పాఠం ఇది: "ట్వెంటీ మినిట్. టాయిలెట్ దేర్. కాఫీ దేర్."

తప్పు పట్టడానికి లేదు. వియత్నాంలో గైడు పని చెయ్యాలంటే ప్రభుత్వ కార్డు ఉండాలి. ఆయన దగ్గరుంది డ్రైవింగ్ లైసెన్సు. అందుకని చరిత్రని గేటుదాకా తోలుకొచ్చి వదిలేస్తాడు.

ఫొటోల దగ్గర మాత్రం ఆయన పని గేటుతో ఆగదు. కింద లాంగ్ కో తీరం వంపు తిరిగి కనపడే మలుపుల్లో ఎక్కడ నిలబడితే కరెంటు తీగలు రావో, ఎన్నింటికి ఎండ మొహాన పడుతుందో ఆయనకి కొట్టినపిండి. మొగుడూ పెళ్లాల్ని పక్కపక్కన నిలబెడతాడు. వాళ్లు రేషన్‌కార్డు ఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకుంటే, వెళ్లి భర్త చెయ్యి తీసి భార్య భుజమ్మీద వేసి వస్తాడు. తను గొంతుక్కూర్చుని, అదీ చాలకపోతే రోడ్డుమీద వెల్లకిలా పడుకుని, "మోత్, హాయ్, బా!" అని లెక్కపెడతాడు. ముప్పై ఏళ్ల కాపురంలో నలుగుర్లో అలా నిలబడని జంట, పరాయి దేశపు డ్రైవరు మాటకి హృదయం గుర్తు కూడా పెట్టేస్తుంది.

కొండ దిగితే లాప్ ఆన్ మడుగు. నీళ్లల్లో వరసలు వరసలుగా కర్రలు, వాటికి వేలాడుతూ పాత మోటార్ సైకిల్ టైర్లు. ఆల్చిప్పలు ఆ టైర్లని పట్టుకుని పెరుగుతాయి. కోటగుమ్మం దగ్గర లేని ఉత్సాహం మనవాడికి ఇక్కడ పుట్టుకొస్తుంది. కారు దిగి, తన బండి టైరు చూపించి, నీళ్లలో టైరు చూపించి, తర్వాత నోరు చూపిస్తాడు. టైరు అరిగాక కూడా తిండి పెడుతుందన్న సంగతి ఇంతకన్నా క్లుప్తంగా ఎవరు చెప్పగలరు?

ఆ తర్వాత గంటసేపు చదును దారి. అద్దంలోంచి వెనక్కి చూసి, "ఇండియా?" అంటాడు. అవునంటే మొహం వెలిగిపోతుంది. "ఆనందీ!"

ముందుసీట్లో పెద్దమనిషికి అంతుబట్టదు. కునికిపాట్లు పడుతున్న బామ్మ మాత్రం గభాల్న లేచి కూర్చుంటుంది. మనం మాటీవీలో 'చిన్నారి పెళ్లికూతురు'గా చూసిన 'బాలికా వధు' సీరియల్, వియత్నాంలో 'ఎనిమిదేళ్ల పెళ్లికూతురు' అన్న పేరుతో వాళ్ల భాషలోకి దిగి ఊరూవాడా ఊపేసింది. "మై మదర్, క్రై. ఎవ్రీ డే, క్రై," అంటాడు మనవాడు. "నేను మాత్రం ఏడవలేదూ నాయనా!" అని బామ్మ అచ్చతెలుగులో అందుకుంటుంది. ఇక చూడాలి. ఆయన వియత్నమీసు, ఆవిడ తెలుగు. ఆ సీరియల్లో పెద్దావిడ కనుబొమ్మలు ఎలా ఎగరేసేదో ఆవిడ చేసి చూపిస్తే, ఆయన స్టీరింగు వదలకుండా గొంతు మార్చి కసురుతాడు. దుబాసీ అక్కర్లేని ఆ సంభాషణ హ్వే పొలిమేరదాకా సాగుతుంది. అప్పట్నుంచి బామ్మకి ప్రతి ఆగేచోటా ముందు దిగే హక్కు, గొడుగు నీడ.

హ్వే 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ వంశం రాజధాని. పదమూడుమంది రాజులు. మనవాడు వాళ్లని గుర్తుపెట్టుకున్నది అంకెలతో. "కింగ్ మిన్ మాంగ్, బేబీ 142." వేళ్లు చాలక రెండుసార్లు చూపిస్తాడు. "కింగ్ తు దుక్, వైఫ్ 104, బేబీ జీరో." ఇక్కడ కొంచెం ఆగుతాడు, నవ్వుకి చోటిచ్చి. "కింగ్ బావో దాయ్, ఫినిష్." లెక్క సరిగ్గానే ఉంది. చివరి రాజు బావో దాయ్ 1945 ఆగస్టు 30న కోట దక్షిణ ద్వారం న్గో మోన్ మీద నిలబడి గద్దె వదులుకున్నాడు. చరిత్ర పుస్తకాలు అధ్యాయాలకి అధ్యాయాలు రాసినా, ఫినిష్ అంటే ఫినిషే.

ఆయన అసలు పాండిత్యం పార్కింగులో ఉంది. కోటలోకి వెళ్లేది దక్షిణాన న్గో మోన్‌లోంచి, బయటికొచ్చేది తూర్పున హియెన్ న్యోన్ గుమ్మంలోంచి. ఎక్కిన చోటే దిగుతామనుకునే జాతికి ఇది తలకెక్కదు. మనవాడు ఫోనులో గుమ్మం ఫొటో చూపిస్తాడు, వేలితో గాల్లో బాణం గీస్తాడు, "ఇన్ హియర్, అవుట్ దేర్," అని చెప్పి, చెప్పించుకుని, మరీ పంపిస్తాడు. అయినా ఎవరో ఒకరు వేరే గుమ్మంలోంచి తేలుతారు. అదీ ఆయనకి తెలుసు. ఏ మూలన తేలతారో కూడా తెలుసు.

ఈలోపు బయట చెట్టుకింద డ్రైవర్ల సభ. ఐసు వేసిన టీ, చదరంగం, ఎవరికి ఏ దేశంవాళ్లు తగిలారన్న వాకబు. లోపల్నుంచి ముందుగా వచ్చేసిన పెద్దమనిషి, "అంతా ఖాళీ నేలేనయ్యా, ఏముందక్కడ?" అని పెదవి విరుస్తాడు. 1968లో టెట్ పండగ వేళ కమ్యూనిస్టు సేనలు చేసిన దాడిలో ఈ కోటలో దాదాపు నెలరోజులు యుద్ధం జరిగింది. రాజు కుటుంబం ఉండే నిషిద్ధ నగరంలో చాలాభాగం 1947 యుద్ధంలోనే కాలిపోయింది, మిగిలినదీ ఈ దాడిలో బాగా దెబ్బతింది. అంతటి ప్రశ్నకి మనవాడి జవాబు రెండు మాటలు: "సిక్స్‌టీ ఎయిట్. బూమ్." ఆ ఒక్కసారి మాత్రం నవ్వించడానికి ప్రయత్నించడు.

భోజనం దగ్గర ఇంకో కథ. చాంద్రమానం ప్రకారం పాడ్యమికీ పౌర్ణమికీ మాంసం మానేసే బౌద్ధులు ఎక్కువ గనక హ్వేలో శాకాహార హోటళ్లకి లోటులేదు. మనవాడు అక్కడికే తీసుకెళ్తాడు. వంటావిడతో చేప సాస్ గురించి రెండుసార్లు పోట్లాడతాడు కూడా. చాలామంది వంటవాళ్ల దృష్టిలో అది చేప కాదు, ఉప్పుకి చుట్టం. బల్ల దగ్గర బామ్మ సంచీలోంచి ఆవకాయ సీసా బయటికొస్తుంది. కారం తినడంలో హ్వే వాళ్లకి దేశమంతా పేరు. మనవాడు చాప్‌స్టిక్కులతో ఒక ముక్క నేరుగా నోట్లో వేసుకుంటాడు. కాసేపు మాట ఉండదు. చెవులు ఎర్రబడతాయి. రెండు గ్లాసుల ఐసు టీ తాగి, "గుడ్," అని, సీసాకి ఫొటో తీసుకుంటాడు. ఆ ఫొటో చెట్టుకింద సభలో ఎన్నాళ్లు తిరుగుతుందో!

మధ్యాహ్నం సమాధులు. ఖై దిన్ సమాధికి 127 మెట్లు. 1920లో మొదలుపెట్టి పదకొండేళ్లు కట్టారు, జనం మీద పన్ను పెంచి మరీ. లోపల గోడలంతా పింగాణీ, గాజు ముక్కల పని. కళ్లు చెదురుతాయి. బామ్మ మెట్లు చూసి కార్లోనే ఉండిపోతానంటుంది. మనవాడు ఏసీ పెంచి, ఫోనులో ఆనంది ఎపిసోడు వెతికి ఇస్తాడు. తు దుక్ సమాధి చూసొచ్చిన పెద్దమనిషికి, ఆ రాజు అసలు అక్కడ లేడని, రహస్యంగా ఇంకెక్కడో పూడ్చిపెట్టారని తర్వాత తెలుస్తుంది. టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటు కాలేదన్నట్టు చూస్తే మనవాడు భుజాలెగరేస్తాడు.

ఆఖరున సెంటు నది ఒడ్డున థియెన్ ము గుడి. 1601 నాటిది, ముందు ఏడంతస్తుల బురుజు. టిక్కెట్టు లేదు గనక కాబోలు, మనవాడు ఇక్కడ లోపలికొస్తాడు. తిన్నగా వెనకవైపు కొట్టానికి. అక్కడ లేతనీలం ఆస్టిన్ కారుంది. 1963 జూన్ 11న థిచ్ క్వాంగ్ డుక్ అనే భిక్షువు సైగాన్ నడివీధిలో ఈ కారు దిగి, బౌద్ధుల మీద సాగుతున్న అణచివేతకి నిరసనగా, పద్మాసనం వేసుకుని తనని తాను దహించుకున్నాడు. ఆ ఫొటో లోకమంతా చూసింది. మనవాడు టోపీ తీస్తాడు. తర్వాత వంగి టైర్లు చూస్తాడు, బంపరు చూస్తాడు, అరవై ఏళ్లు దాటిన బండిని ఎంత బాగా ఉంచారో అన్నట్టు తల పంకిస్తాడు. పక్కన పెద్దమనిషి కూడా ఏమీ మాట్లాడకుండా తల పంకిస్తాడు.

తిరుగు దారి సొరంగమే. పొద్దున తిట్టిన నోటితోనే, "నౌ టన్నెల్. ఎవ్రీబడీ స్లీప్," అంటాడు. అన్నట్టే నిద్రపోతారు. గురకల నడుమ సన్నగా తనకిష్టమైన పాత విషాద గీతం పెట్టుకుంటాడు. పన్నెండు గంటల్లో అదొక్కటే ఆయన సొంత పాట.

హోటల్ దగ్గర పెద్దమనిషి పర్సు తీస్తాడు. వాడుకలో ఉన్న వియత్నాం నోట్లన్నిటి మీదా హో చి మిన్ బొమ్మే. ఇరవై వేల నోటూ నీలమే, అయిదు లక్షల నోటూ ఇంచుమించు నీలమే. ఒకటి సుమారు మన డెబ్భై రూపాయలు, రెండోది పదిహేడు వందలు. చీకట్లో ఒక నీలం నోటు మడిచి మనవాడి చొక్కాజేబులో స్వహస్తాలతో పెట్టి, భుజం తట్టి, "కీప్, కీప్," అంటూ పెద్దమనిషి మెట్లెక్కుతాడు. విప్పి చూస్తే ఇరవై వేలు. "సర్!" అని పిలుస్తాడు మనవాడు. కృతజ్ఞతలేం వద్దన్నట్టు పైనుంచి చెయ్యి ఊగుతుంది. చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే తన డబ్బు పోతుంది. మనవాడు నోటు వెనక్కి తిప్పి, దానిమీదున్న హోయ్ ఆన్ ఊరి జపాను వంతెన బొమ్మ ఎత్తి చూపిస్తాడు. "టుమారో, హోయ్ ఆన్?"

"యస్, యస్, టుమారో!"

మనవాడు ఫోనులో కాలిక్యులేటరు తెరిచి అంకె కొట్టి చూపిస్తాడు. ఇవాళ రావలసిన టిప్పు అందులోనే కలిసి ఉంది. పెద్దమనిషి రెండు మెట్లు దిగి, ఆ అంకెలో సగానికి బేరం మొదలుపెడతాడు.