ఖాకీ రచయిత

చిన్న ఊరి పోలీసు అధికారి అనగానే మనకు సినిమానే గుర్తొస్తుంది. 2012 నాటి సినిమాలో కొండవీడు స్టేషన్‌లో దిగిన గబ్బర్ సింగ్ రౌడీల చేత అంత్యాక్షరి పాడించాడు. జనం ఈలలు వేశారు. అదే ఆయన బల్ల ముందు కూర్చుని గంటసేపు కేసు డైరీ రాస్తే టికెట్ డబ్బులు తిరిగిచ్చేయమనేవారు. కానీ అసలు ఉద్యోగం ఆ గంటలోనే ఉంది. నన్నడిగితే ఎస్సై వృత్తిరీత్యా రచయిత. లాఠీ ఆయన వ్యసనం. స్టేషన్‌లో ‘రైటరు’ అనే మనిషి ఉండటమే ఇందుకు మొదటి సాక్ష్యం. సైకిల్ పోయినా చాలు ఎఫ్ఐఆర్, పంచనామా, వాంగ్మూలాలు, రిమాండ్ రిపోర్టు, చార్జిషీటు వరసగా పుట్టుకొస్తాయి. సైకిల్ దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. కాగితాలు మాత్రం దొరికి తీరాలి.

పాపం, ఇంత రాసినా నమ్మే పాఠకుడు లేడు. ముద్దాయి నేరం ఒప్పుకున్నాడని పేజీల కొద్దీ రాసినా, అతను చూపించగా సొత్తు బయటపడిన మేరకు తప్ప అది చెల్లదని 1872 నాటి సాక్ష్యాల చట్టమే తేల్చింది. దాని బదులు 2024లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా ఈ అపనమ్మకాన్ని భద్రంగా దాచుకుంది. సాక్షి చెప్పింది రాసుకోవాలి గానీ కింద సంతకం పెట్టించుకోకూడదు. ఆ రాత కోర్టులో ముఖ్యంగా పనికొచ్చేది సాక్షి మాట మార్చాడని చూపించడానికే. అంటే ఆ పుస్తకాన్ని శ్రద్ధగా చదివేవాడు డిఫెన్సు వకీలొక్కడే. మన సాహిత్య విమర్శకుల్లో అంత శ్రద్ధ చూడం.

‘రాతలతో దొంగ దొరుకుతాడా?’ అంటారు. దొరకడు. పట్టుకోవడానికి ఒక రాత్రి చాలు. ఏళ్ల తర్వాత బోనులో నిలబెట్టేది కాగితమే. సంక్రాంతి బరిలో పట్టుకున్న పుంజునే తీసుకోండి. అది కేసు సొత్తు. కోర్టు వేలానికి అనుమతిచ్చేదాకా దానికి గింజలు వేయాలి, వేళకు నీళ్లు పెట్టాలి, రెండో పుంజు కంటపడకుండా చూడాలి. పంచనామాలో పుంజు రంగు ‘డేగ’ అని, చార్జిషీటులో ‘కాకిడేగ’ అని పడిందా, కేసు ఎగిరిపోతుంది. ఈలోగా పుంజు చచ్చిందంటే మళ్లీ కలం తీయాలి.

ఇప్పుడు సోదాలను వీడియో తీయాలని చట్టమే చెప్పింది కదా, రాత తగ్గదా అనొచ్చు. ఆ వీడియో సాక్ష్యంగా నిలవాలంటే దానికో సర్టిఫికెట్ కావాలి. అదీ రాతే. పైగా 2024 జూలై 1న సెక్షన్ల నంబర్లు మారాయి. కంఠతా వచ్చిన హత్య సెక్షన్ 302 కాస్తా 103 అయింది. మోసగాడికి వాడుక పేరైన 420 ఇప్పుడు 318లో ఉంది. ఊళ్లో మాత్రం ఎవరూ ఎవర్నీ ‘త్రీ ఎయిటీన్ గాడు’ అని తిట్టడం లేదు. స్టేషన్‌కొచ్చినవాడు ‘ఫోర్ ట్వంటీ కేసు పెట్టండి సార్’ అనే అంటున్నాడు. రైటరు తలూపి, 318 అని రాసుకుంటున్నాడు.