సల్లో ఆపా మనవైపు వాళ్లా?

వయసు మీదపడ్డ పుస్తకాల పిచ్చోడికి కొత్తగా ఒక నవల నచ్చడమంటే మాటలు కాదు. ఇష్టమైన నవలల పట్టిక అప్పటికే శిలాశాసనమై కూర్చుంటుంది. నాదీ అంతే. రావిశాస్త్రి ‘అల్పజీవి’, ‘చివరకు మిగిలేది’, ‘కాలాతీత వ్యక్తులు’, ‘అసమర్థుని జీవయాత్ర’. ఎవరు ఏ పుస్తకం తెచ్చినా నాలుగు పేజీలు తిరగేసి, ‘‘బానే ఉంది గానీ, రావిశాస్త్రి ముందు...’’ అని పెదవి విరిచేవాణ్ణి. ఆ వాక్యం ముగించే అవసరం ఎప్పుడూ రాలేదు. ఈలోపే తెచ్చినవాడు పుస్తకంతో సహా లేచిపోయేవాడు.

ఆ పొగరు బస్తర్‌లో అణిగింది. అల్లుడి ఉద్యోగం అక్కడి జగదల్‌పూర్‌లో. విశాఖలో కిరండూల్ రైలెక్కి అరకు మీదుగా వెళ్లాం. కొత్తవలస–కిరండూల్ లైన్లో 58 సొరంగాలు. చదువుకునేవాడికి ఇంతకన్నా పగబట్టిన దారి మరోటుండదు. హంతకుడెవరో తేలబోతుండగా చీకటి. పెట్టెలోని పిల్లకాయలంతా ‘ఓ’ అని ఒకటే గోల. వెలుతురొచ్చేసరికి ఏ పేరాలో ఉన్నామో మళ్లీ వెతుక్కోవాలి.

అల్లుడింట్లో పుస్తకాలంటే బ్యాంకు పాస్‌బుక్కులే. నా అవస్థ చూసి పక్కింటి రిటైర్డ్ హిందీ మాస్టారు ‘కాలా జల్’ (నల్లనీళ్లు) నవల చేతిలో పెట్టారు. రాసింది గుల్‌షేర్ ఖాన్ షానీ. 1933లో ఈ జగదల్‌పూర్‌లోనే పుట్టాడు. నవల 1965లో వచ్చింది. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు విశారద దాకా గట్టెక్కినవాణ్ణి కదా, ధీమాగా తీసుకున్నాను. తీరా చూస్తే నవల్లోని ఇళ్లలో మాటల్లో ఉర్దూ పాలే ఎక్కువ. ఫూఫీ ఎవరో, ఫూఫా ఎవరో తేల్చుకునేలోపే కాఫీ చల్లారిపోయేది.

‘‘ఇంకా అవలేదా మావయ్యగారూ?’’ అన్నాడు అల్లుడు.

దసరాని 75 రోజులు చేసుకునే ఊళ్లో ఉంటూ ఒక నవలకి తొందరపెట్టడం అన్యాయం కాదూ?

బస్తర్ అనగానే అందరికీ అడవి, డోలు, జలపాతం గుర్తొస్తాయి. షానీ పట్టుకున్నది చిన్న పట్నంలోని రెండు ముస్లిం మధ్యతరగతి కుటుంబాలని, మూడు తరాల బతుకుని. షబే బరాత్ రాత్రి కథ చెప్పే బబ్బన్ మేనత్త ఇంట్లో, పోయినవాళ్ల పేరుపేరునా ఫాతిహా చదువుతాడు. ఒక్కో పేరు వెనక ఒక్కో జీవితం తెరుచుకుంటుంది.

నేను పడిపోయింది ఇక్కడే. తద్దినం నాడు నేను తండ్రి పేరు, తాత పేరు గడగడా చెప్పేసి, ముత్తాత దగ్గరికొచ్చేసరికి పురోహితుడి మొహం చూస్తాను. ఆయన సంచిలోంచి నలిగిన కాగితం తీసి పేరు అందిస్తారు. పేరు అందుతుంది, మనిషి అందడు. ఆయనకి ఏ కూర ఇష్టమో, ఏ తమ్ముడితో మాటలు మానేశాడో, ఏ కోడల్ని ఏడిపించాడో తెలియకుండానే పిండం పెట్టేస్తాం. షానీ అలా వదిలిపెట్టడు. పోయినవాళ్లు చేసిన వెధవపనులూ పడ్డ అవమానాలూ అన్నీ విస్తట్లో వడ్డిస్తాడు.

నవల్లో సల్లో ఆపా పోయిన ఘట్టం చదివిన రోజు నేను భోజనానికి లేవలేదు. మా ఆవిడ కంగారుపడింది.

‘‘ఎవరండీ పోయింది?’’

‘‘సల్లో ఆపా.’’

‘‘మనవైపు వాళ్లా?’’

కాదనడానికి నోరు రాలేదు.

ఆదివారం అందరం చిత్రకోట వెళ్లాం. వానాకాలం ఇంద్రావతి ఎర్రగా, ఒడ్డుకీ ఒడ్డుకీ నిండుగా దూకుతోంది. తుంపరకి అట్ట తడవకుండా చొక్కా అంచు అడ్డుపెట్టుకుని నవల చదువుతున్నాను. ‘‘ఎదురుగా ఇంత నీరు పెట్టుకుని ఆ నల్లనీళ్లలో ఏం చూస్తున్నారండీ?’’ అంది ఆవిడ. పక్కన సెల్ఫీలు దిగుతున్న కుటుంబం నాకేసి జాలిగా చూసింది.

నవల అయిపోయాక అసలు జబ్బు మొదలైంది. కనబడిన ప్రతివాడికీ కథ చెప్పడం. అల్లుడు ఆఫీసులో ఓవర్‌టైం చేయడం మొదలుపెట్టాడు. కూరగాయలకని నన్ను గోల్ బజార్‌కి పంపితే, ‘‘షానీ తెలుసా?’’ అని బెండకాయలమ్మే ఆవిణ్ణి అడిగాను. ఆ పేరుతో కూరగాయ లేదంది.

పట్టికలో ఎవర్ని దించాలన్నది మరో చిక్కు. ఎవరూ దిగలేదు. అందర్నీ కాస్త జరగమని, రావిశాస్త్రి పక్కన షానీని కూర్చోబెట్టాను. ఇద్దరికీ పొత్తు బాగానే కుదిరింది. పరువుగల ఇళ్లలోని పిరికితనం ఇద్దరికీ బాగా తెలిసిన సరుకే.

బస్తర్‌లోని అబూజ్‌మాడ్ మీద షానీ రాసిన ‘శాల్ వనోం కా ద్వీప్’ కూడా ఉందని మాస్టారు ఊరించారు. చెయ్యి చాపాను. ముందు ‘కాలా జల్’ వెనక్కివ్వండి, తరవాతే అది అన్నారు. పుస్తకప్రియుణ్ణి ఇంత మాట అనొచ్చా?