స్వామివారి సగం, స్టేషన్‌వారి సగం

మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి ఒక నియమం ఉంది. పానకం బిందెడు పోసినా చెంబెడు పోసినా సగమే తాగుతాడు. మిగతా సగం ప్రసాదంగా భక్తుడికే ఇచ్చేస్తాడు. తాగుతున్నప్పుడు గుటకల చప్పుడు వినపడుతుంది కాబట్టి లెక్క మీద ఎవరికీ అనుమానం లేదు. అదే ఊళ్లో, ఆరో బెటాలియన్ ఆవరణలో, 2017 నుంచి రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం నడుస్తోంది. ఊరి మహిమ కాబోలు, పోలీసు శాఖకీ ఈ సగం పద్ధతే అబ్బింది. కెమెరాకి చిక్కినదాంట్లో మన తప్పున్న సగం మనకి పంపుతుంది, తన తప్పున్న సగం మింగేస్తుంది. గుటక చప్పుడు మాత్రం బయటికి రాదు.

మొదటి సగం ఎంత నికార్సుగా అందుతుందో చూడండి. హెల్మెట్ లేకుండా హైవే ఎక్కారా, ఈ-చలానా వచ్చి ఫోనులో కూర్చుంటుంది. ఫొటో, తేదీ, గంట, నిమిషం, బండి నంబరు, వెనకాల కూర్చున్న బావమరిది మొహంతో సహా. ఆ కెమెరాకి ఎండ లేదు, వాన లేదు, కరెంటు కోత అసలే లేదు. దాని తోబుట్టువునే తెచ్చి స్టేషన్ లోపల బిగించండి, ఎక్కడలేని జబ్బులూ పట్టుకుంటాయి. ఫలానా రాత్రి లాకప్‌లో ఏం జరిగిందని కోర్టు అడిగిన రోజే హార్డ్ డిస్క్ చెడిపోతుంది, వైరు తెగిపోతుంది, బాగుచేసేవాడు ఊరెళ్తాడు.

సుప్రీంకోర్టుకి ఈ జబ్బులు తెలియక కాదు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో జస్టిస్ నారిమన్ ధర్మాసనం మందు కూడా రాసిచ్చింది. ప్రతి స్టేషన్‌లో గేటు, వరండా, లాకప్, ఇన్‌స్పెక్టర్ గది, వెనక పెరడు, ఒక్క మూల కూడా వదలకుండా కెమెరాలు పెట్టాలి. చీకట్లోనూ కనపడాలి, మాటలూ వినపడాలి. ఫుటేజీని 18 నెలలు దాచాలి. గుమ్మం దగ్గర స్థానిక భాషలో కూడా పెద్ద పోస్టరు అంటించాలి. ఇక్కడ కెమెరాలున్నాయని, అన్యాయం జరిగితే మానవ హక్కుల కమిషన్‌కో ఎస్పీకో ఫిర్యాదు చేసుకోవచ్చని, ఫుటేజీ భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉందని అందులో రాయాలి.

అంతటితో ఆగకుండా, కాపలాకి కమిటీలు వేయమంది. జిల్లా కమిటీలో కలెక్టరు, ఎస్పీ, ఒక మేయరు లేదా జిల్లా పరిషత్ అధ్యక్షుడు ఉండాలి. రాష్ట్ర కమిటీలో హోం, ఆర్థిక కార్యదర్శులు, డీజీపీ, మహిళా కమిషన్ నుంచి ఒకరు. జిల్లా కమిటీ నెలనెలా రాష్ట్ర కమిటీకి నివేదిక పంపాలి. అంటే ఎస్పీగారు కూర్చున్న చోట బయల్దేరిన కాగితం డీజీపీగారు కూర్చున్న చోటికి చేరుతుంది. దారిలో జనం ఎదురుపడే ప్రమాదం పెద్దగా లేదు. జనం తరఫున ఉన్నది ఆ మేయరు లేదా జిల్లా పరిషత్ అధ్యక్షుడి కుర్చీ ఒక్కటే. 2021లో పుట్టిన మన మంగళగిరి–తాడేపల్లి కార్పొరేషన్ బాల్యమంతా మేయరు లేకుండా ప్రత్యేకాధికారి పాలనలోనే గడిచింది.

ఆ తీర్పులో ఒక ఆణిముత్యం కూడా ఉంది. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా సరే, హక్కుల ఉల్లంఘన ఏమైనా జరిగిందేమోనని జిల్లా కమిటీ తనంతట తానే ఫుటేజీ చూడాలి. కలెక్టరుగారు, ఎస్పీగారు పక్కపక్కన కూర్చుని, టీ తాగుతూ, లాకప్ వీడియోలు తిప్పితిప్పి చూస్తున్న దృశ్యాన్ని ఊహించుకోండి. ఊహకి టిక్కెట్టు లేదు.

అయిదేళ్లు తిరక్కుండానే, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ తనంతట తానే కేసు చేపట్టాల్సొచ్చింది. రాజస్థాన్‌లో ఏడెనిమిది నెలల్లో 11 మంది పోలీసు కస్టడీలో చనిపోయారని, స్టేషన్ కెమెరాలు పనిచేయడం లేదని పత్రికలో చదివి.

ఇక కొత్త నగ, పోలీసు ఛాతీ మీద వేలాడే బాడీ కెమెరా. దీనికి స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్ పోలీసు వేలి కిందే ఉంటుంది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చిన లెక్క ఇది: నియమం ప్రకారం కెమెరాని ఆపకుండా నడిపినచోట పోలీసుల బలప్రయోగం 37 శాతం తగ్గింది, ఇష్టానికి వదిలేసినచోట 71 శాతం పెరిగింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో 2017లో ఒక పోలీసు మత్తుమందు పొట్లాన్ని డబ్బాలో దాచి, వెనక్కి నడిచి, అప్పుడు కెమెరా నొక్కి, వెతికి వెతికి ‘కనిపెట్టాడు’. పాపం, మీట నొక్కడానికి ముందు 30 సెకన్ల బొమ్మ కూడా ఆ కెమెరా దాచుకుంటుందని మరిచాడు. మరుసటేడు కోర్టులో దోషిగా తేలాడు. ఆ వీడియోలోని గుట్టు పట్టింది నిందితుల తరఫు లాయర్లు. ఫుటేజీ పోలీసు బీరువా దాటి వాళ్ల చేతికి రాబట్టే పట్టగలిగారు.

అంతదూరం ఎందుకు, పక్కనే తెనాలి. ముగ్గురు కుర్రాళ్లని నడిరోడ్డు మీద కూర్చోబెట్టి అరికాళ్ల మీద లాఠీలతో బాదిన వీడియో 2025 మే చివర్లో రాష్ట్రమంతా చూసింది. జరిగి అప్పటికి నెల. వాళ్లు కానిస్టేబుల్ మీద దాడి చేశారని పోలీసుల మాట. చేస్తే కోర్టు ఉంది. అరికాలు సెక్షన్ మాత్రం ఏ చట్టంలోనూ లేదు. ఆ వీడియో ఏ అధికారిక కెమెరా నుంచీ రాలేదు, ఎవరి ఫోనులోంచో బయటపడింది. ప్రజా పర్యవేక్షణ కమిటీ మన దగ్గర ప్రస్తుతానికి ఆ ఫోనే. దీనికి జీతం లేదు, సమావేశాల భత్యం లేదు, రక్షణ అసలే లేదు.

కానిస్టేబుల్‌కీ కెమెరా అవసరమే. నాయకుడి అనుచరుడు చొక్కా పట్టుకున్నప్పుడు, పైనుంచి ఫోనొచ్చి ‘వాణ్ణి వదిలెయ్’ అన్నప్పుడు, చేయని తప్పుకి ఫిర్యాదు పడినప్పుడు అతనికి మిగిలే సాక్షి అదొక్కటే. ఫుటేజీని పై అధికారి మింగితే మొదట మునిగేది అతనే.

కాబట్టి మనం చేయాల్సిన పని చెబుతాను. మీ స్టేషన్ గుమ్మం దగ్గర ఆ పోస్టరు ఉందో లేదో చూడండి. జిల్లా కమిటీ ఎప్పుడెప్పుడు కూర్చుంది, ఏం చూసింది, ఎన్ని కెమెరాలు చెడిపోయాయని కలెక్టరు కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. కమిటీలో ఒక చేనేత కార్మికుడు, ఒక ఆటో డ్రైవరు, ఒక డ్వాక్రా మహిళ, ఒక లాయరు ఉండాలని అడగండి. ఫుటేజీ తాళం స్టేషన్ బయట ఉండాలని అడగండి. ఫుటేజీ ఆయుష్షు 18 నెలలే. అర్జీ ఆలోపే పెట్టండి.